ఆరు తర్వాత ఎనిమిది

మత్తివ్వడం యంత్రాల పనిగా మారి పదేళ్లయింది. చట్టప్రకారం పక్కన ఒక మత్తు డాక్టరు కూర్చోవాలి కాబట్టి కూర్చుంటున్నాను. అంతకుమించి నాకు పనేమీ లేదు.

ఆవేళ మోకాలి ఆపరేషన్‌కి సింహాద్రమ్మగారు బల్లమీద పడుకున్నారు.

"పది వరకూ లెక్కపెట్టండి," అంది యంత్రం.

ఆవిడ ఆరు దాకా చక్కగా చెప్పి, ఎనిమిదికి దూకేశారు.

"మతి తడబడుతోంది. సరిగ్గా చెప్పకపోతే ఆపరేషన్ రద్దు. ఆరు తర్వాత ఏడు. ఏడు అమ్మా, ఏడు!"

"చూశావా డాక్టరు బాబూ, నన్ను ఏడవమంటోంది! కత్తి కింద పడుకుని ఆ మాట నేననను!" అంటూ ఆవిడ లేవబోయారు.

చెయ్యి పట్టుకున్నాను. ముందు యంత్రం నోరు నొక్కేశాను.

"అంకెలొద్దులెండి. మనవల పేర్లు చెప్పండి."

మందు నేనే ఎక్కించాను. నాలుగో పేరు దగ్గర గురక మొదలైంది.

సాయంత్రం ఆవిడకి మెలకువ రాగానే యంత్రం అడిగింది. "నొప్పి పదికి ఎంత?"

ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టారు. "ఆరు దాటింది. ఎనిమిది ఇంకా రాలేదు."

పదేళ్లలో మొదటిసారి యంత్రం నావైపు తిరిగింది. "డాక్టరుగారూ, ఈవిడ ఏమంటున్నారు?"

"ముందు నొప్పి మందు వెయ్యవే, లేకపోతే నిజంగానే ఏడుస్తారు!"