మూడో ప్రకటన

లేవాలంటే ముందు కుడి మోకాలు ఒప్పుకోవాలి. ఒప్పుకోకపోతే గోడ పట్టుకునైనా లేవాలి. మాట సంగతి తర్వాత. నిలబడ్డాక మాట అదే వస్తుంది. రాకపోతే ఊరికే నిలబడాలి. ఇవాళ కూడా కూర్చునే ఉంటే మాత్రం, ఈ పెళ్లి విషయంలో బతికినన్నాళ్లూ తల వంచుకుని కూర్చోవలసిందే.

ఈ ఆలోచనతోనే సుజానమ్మ చర్చి మెట్లెక్కింది. పై మెట్టు మీద విల్సన్ ఎదురుపడ్డాడు. చనిపోయిన ఆమె భర్తకు తమ్ముడు, సంఘపెద్ద.

"వదినా, ఇయాల పెళ్లి ప్రకటన మూడోసారి సదువుతారు. ఇది దాటిపోతే ఇంకెవులి సేతిలోనూ ఉండదు. నువ్వొక్క మాటంటే ఆగిపోద్ది."

"ఆ సంగతి నాకు తెలీదేటి?"

"తెలిస్తే అనాల మరి. కొండోడితో మనకి సంబందమేటి? అన్నయ్య బతికుంటే ఇలాటి పని జరగనిచ్చీవోడా?"

"మీ అన్న బతికుంటే ఈ పెళ్లి మాటే వచ్చీది కాదు."

విల్సన్ తృప్తిగా తలూపి పక్కకు తప్పుకున్నాడు.

లోపల ఎడమవైపు ఆడవాళ్ల చాపలు, కుడివైపు మగవాళ్లవి. మధ్య బారెడు వెడల్పున నున్నటి గచ్చు. ఆ గచ్చు దాటి మగవాళ్ల పక్కన కూర్చునేది పెళ్లికూతురు ఒక్కతే. అదీ పెళ్లిరోజున.

కూతురు జీవిత జరిగి చోటిచ్చింది. సాలూరు నుంచి వచ్చిన తెల్ల పట్టుచీరను పొద్దున్నే రెండుసార్లు భుజాన వేసుకుని అద్దంలో చూసుకున్న పిల్ల, ఇప్పుడు బిక్కమొహంతో ఉంది.

"అమ్మా, నువ్వు లెగిసి ఏటీ అనకే."

"ఏం?"

"పావుగంట నోరు మూసుకుంటే అయిపోద్ది. తరవాత ఎవులేటనుకుంటే మనకేటి? నీకు దండమెడతాను."

"రెండు వారాలు మూసుకున్నానే గుంటా. ఏటైంది?"

ఏమైందో ఇద్దరికీ తెలుసు. అభ్యంతరముందా అని పాస్టరు అయ్యగారు రెండు ఆదివారాలు అడిగినా ఇక్కడ ఒక్కరూ దగ్గనైనా దగ్గలేదు. ఆరాధన ముగిశాక, గెడ్డ దగ్గర బట్టలుతుకుతూ, జీపు కోసం ఎదురుచూస్తూ, అందరూ మాట్లాడారు. సుజానమ్మ వస్తే ఆపి, వెళ్లాక మళ్లీ మొదలుపెట్టారు. భర్త పోయినప్పుడు పెట్టె మోసిన భుజాలు వీళ్లవే. మూడు రోజులు పొయ్యి వెలిగించనివ్వకుండా గంజి తెచ్చిన చేతులూ వీళ్లవే. క్రిస్మస్ ప్రేమవిందుకు ఇరవై ఏళ్లుగా ఆమె వండిన అన్నం తిన్న నోళ్లు కూడా వీళ్లవే. పరాయివాళ్లంటే ఇంత మంట ఉండేది కాదు. కోపం అనుకుంటున్నది నిజంగా కోపమేనా, భయమే ఆ వేషం వేసుకుని వచ్చిందా అని తనలోకి తానే తొంగి చూసుకుంది. రెండూ ఉన్నాయి. ఇవాళ ఏది ముందు లేస్తే అది.

మగవాళ్ల వరసలో చివర, ద్వారం పక్కన సోంబరు కూర్చుని ఉన్నాడు. కాఫీ తోటలో మిరియాలు కోసే మనిషి. అతని మీద ఊరు చెప్పిన తప్పులన్నీ ఆమె మరోసారి వల్లె వేసుకుంది. మొన్నటి ఈస్టరుకే బాప్తిస్మం. పేరైనా మార్చుకోలేదు, సాల్మన్ అని పెడతానని అయ్యగారంటే, "మాయమ్మ పిలిస్తే పలికేది ఎవులండి?" అన్నాడట. వాళ్ల వాళ్లింకా కొండదేవతకు కోళ్లు కోస్తారు. బీడీ మానలేదు. చదువు లేదు, పాటల పుస్తకం తలకిందులుగా పట్టుకుని పాడతాడు. అయితే, పాట ఒక్క ముక్క తప్పడు. ఆ వయసేమిటి, ఈ పెళ్లేమిటి అని నవ్వినవాళ్లూ ఉన్నారు.

పాట ముగిసింది. ఏసుదానం అయ్యగారు బైబిల్లోంచి చీటీ తీసి, రెండు వారాలుగా చదువుతున్నదే కదా అన్నట్టు గబగబా చదివారు. సుజానమ్మ చెవుల్లో రక్తం హోరెత్తింది. పేర్లు వినపడనే లేదు.

"ఇది మూడవ ప్రకటన. ఈ వివాహమునకు ఎవరికైనను అభ్యంతరమున్న యెడల లేచి తెలుపవలెను."

రేకుల మీద వాన చినుకులు మొదలయ్యాయి. కుడి మోకాలు కలుక్కుమంది. జీవిత చెంగు పట్టుకుంది. సుజానమ్మ గోడ పట్టుకుని లేచింది.

చర్చి మొత్తం వెనక్కి తిరిగింది. విల్సన్ మొహం వెలిగిపోయింది.

"సెప్పు వదినా! బయమెందుకు, మేమంతా లేమా?"

అయ్యగారు కళ్లద్దాలు తీశారు. "సుజానమ్మగారూ, అభ్యంతరం మీకా?"

"నాకు లేదండి."

"మరి ఎందుకు లేచారమ్మా?"

"ఎవులికుందో సూద్దామని." ఆమె జనం వైపు తిరిగింది. మాట అదే వచ్చింది. "గెడ్డకాడ మాటాడినోళ్లంతా ఇక్కడే ఉన్నారు. లెగండి. నా మొకం మీద సెప్పండి. సోంబరు కొండోడనా? బీడీ కాలస్తాడనా? ఏసుప్రభువు బల్లకాడ రొట్టి ఇరిసినప్పుడు ఎవుల్ది ఏ కొండని అడిగాడేటి? ఏం విల్సన్, నువ్వు సెప్పవా?"

విల్సన్ నోరు తెరిచాడు. పక్కవాళ్ల వైపు చూశాడు. వాళ్లు చాప ఈనెలు లెక్కపెట్టుకుంటున్నారు. అతనూ తల వంచుకున్నాడు.

"అభ్యంతరము ఎవరికినీ లేదు," అన్నారు అయ్యగారు నెమ్మదిగా, చీటీ మడుస్తూ.

జీవిత చెంగు వదిలేసింది.

సుజానమ్మ గచ్చు దాటి వెళ్లి, తన పెళ్లికొడుకు పక్కన కూర్చుంది.