గుండెలో సారా

"నా గుండెలోకి సారా ఎక్కిస్తావా? నువ్వు డాక్టరువా, నా కోడలు కుదుర్చుకున్న హంతకుడివా?"

సోరోన్‌కుల్ అరుపుకి బిష్కెక్ ఆసుపత్రి వరండాలో ఉన్నవాళ్ళంతా తలలు తిప్పారు. పక్కనే కూర్చున్న కోడలు బురుల్చా మాత్రం కదల్లేదు. ఇరవై ఏళ్ళుగా వింటున్న గొంతే.

డాక్టర్ ఎర్మెక్ ఓపిగ్గా మళ్ళీ మొదలుపెట్టాడు. ముసలాయన గుండె లోపలి గోడ మందంగా పెరిగిపోయింది. నెత్తురు బయటికి వెళ్ళే దారి ఇరుకైంది. ఆయాసం అందుకే, కళ్ళు తిరిగి పడిపోవడం అందుకే. మాత్రలు ఇక పనిచేయడం లేదు. రొమ్ము కోయక్కర్లేదు. తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, ఆ గోడకి నెత్తురందించే చిన్న నాళంలోకి కాస్త ఆల్కహాల్ వదిలితే, పెరిగిన కండ అంతమేరకు చచ్చి దారి తెరుచుకుంటుంది.

"అది సారా కాదండీ, మందు."

"రెండూ ఒకటే! ఇంతకీ ఇక్కడ ఎంతమందికి చేశావు?"

"పైదేశంలో మా గురువుగారి పక్కన ఉండి చాలామందికి చేశాను. ఇక్కడ మీరే మొదటివారు."

"వయసులో ఉన్నవాళ్ళకీ ఇలాగే చేస్తారా?" బురుల్చా అడిగింది.

డాక్టర్ ఆమెవైపు ఓసారి చూసి, "చేస్తారు" అన్నాడు.

"విన్నావా, నన్ను కుర్రాణ్ణి అనుకుంటోంది నా కోడలు" అని ముసలాయన వెక్కిరించాడు.

ఆ ఇంట్లో సారా పేరెత్తితే గొడవే. కొడుకు తిలెక్ కోక్‌బోరు ఆటలో గుర్రం మీంచి కుప్పకూలిన రోజునుంచీ అంతే. ఆ పొద్దున చలికి తట్టుకోలేక తిలెక్ ఒక గిన్నెడు సారా అడిగాడు. బురుల్చా పోసిచ్చింది. మధ్యాహ్నానికి అతన్ని దుప్పట్లో మోసుకొచ్చారు. సమాధి మట్టి ఆరకముందే మామ అందరి ముందూ అన్నాడు: "దీని చేతి సారా నా కొడుకుని మింగింది." ఊరు ఆ మాటే పట్టుకుంది. చంకలో పసిబిడ్డతో బురుల్చా అదే ఇంట్లో మిగిలింది, ఎక్కడికీ పోలేక.

"మీ కోడలు చెప్పినదాన్ని బట్టి, మీ అబ్బాయిదీ ఇదే జబ్బయి ఉండొచ్చు. రక్తంలో వచ్చేదే ఇది" అన్నాడు డాక్టర్.

సోరోన్‌కుల్ మొహం పాలిపోయింది. మెల్లగా కోడలివైపు తిరిగాడు.

"అంటే, నా కొడుకుని చంపింది నా రక్తమేనా? ఇది వినిపించడానికేనా మన నారిన్ నుంచి ఇక్కడిదాకా లాక్కొచ్చావు? చల్లారిందా కడుపు?"

"చల్లారలేదు. ఇరవై ఏళ్ళు తగలబెట్టారు. ఒక్క మాటకే చల్లారుతుందా?"

ముసలాయన విసురుగా లేచి వెళ్ళిపోయాడు. తీసి పెట్టుకున్న టోపీ కుర్చీలోనే మరిచిపోయాడు. వరండా చివర కూర్చున్న మీరిమ్, ఆనాటి ఆ పసిబిడ్డే, దాన్ని తీసుకుని తాత వెంటపడింది.

"మంచు మీద జారతావు, పరిగెత్తకే!" బురుల్చా కేకేసింది. పిల్ల వినలేదు.

బురుల్చా ఆవరణలోకి వచ్చేసరికి ఇద్దరూ గేటు దగ్గరున్నారు. మీరిమ్ ఇనపకమ్మీకి ఆనుకుని, ఊపిరందక ఒగరుస్తూ నేల చూస్తోంది. టోపీ ముసలాయన చేతిలోనే ఉంది. అంత చలిలోనూ తలకి పెట్టుకోలేదు.

"పద. ఆ డాక్టరు బల్ల మీద పడుకుంటాను" అన్నాడు కోడలితో.

"ఏం, బతుకు మీద ఆశ పుట్టిందా?"

"నీ మీద కసి పుట్టింది. నేనక్కడ చస్తే, తండ్రినీ కొడుకునీ సారాతోనే చంపిందని ఊరంతా నీ మొహాన ఉమ్ముతుంది. నాకది చాలు."

"అలాగే చావండి" అంది బురుల్చా పళ్ళు బిగించి.

గొట్టం పంపేటప్పుడు ఆయన మెలకువగానే ఉన్నాడు. అద్దం ఇవతల బురుల్చా నిలబడింది. మందు లోపలికి వెళ్ళగానే ముసలాయన బల్ల అంచు గట్టిగా పట్టుకున్నాడు. రొమ్ములో నిప్పు పోసినట్టుందేమో, మొహమంతా వంకర్లు పోయింది. మూలగలేదు. అద్దంవైపు తిరిగి పెదాలు కదిపాడు. వినపడకపోయినా ఆమెకి తెలుసు, అది తన పేరే. ముందున్నది బూతు.

అంతలో తెర మీద ఎగిరెగిరి పడుతున్న గీత చదునుగా సాగిపోయింది. డాక్టర్లు ఒక్కసారిగా ఆయన మీదికి వంగారు. ఎవరో ఏదో అరిచారు. బురుల్చా అరచేతులు తెరిచి దువా చేస్తోంది. ఆయన చావకూడదని. ఈ మనిషి చావకూడదని! ఆ సంగతి గుర్తించేసరికి తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా చేతులు దించలేదు.

మెడ దగ్గరనుంచి పంపిన తీగ గుండెని తట్టి లేపింది. గీత మళ్ళీ ఎగిరింది.

మర్నాడు పొద్దున డాక్టర్ నవ్వుతూ బయటికొచ్చాడు. దారి తెరుచుకుందనీ, గుండె తనంతట తానే కొట్టుకుంటోందనీ చెప్పాడు. బురుల్చా లోపలికి వెళ్ళి గుమ్మం దగ్గరే నిలబడింది.

"దగ్గరికి రా" అన్నాడు సోరోన్‌కుల్.

"వినబడుతోంది. అక్కణ్ణుంచే తిట్టండి."

"నీ సారా నన్ను చంపలేకపోయింది."

"చూస్తూనే ఉన్నాను."

ముసలాయన గోడవైపు తిరిగి పడుకున్నాడు.

"ఆ డాక్టరుకి నా మీద చెయ్యి తిరిగింది కదా, ఇక నా దగ్గర దాచింది చాలుగానీ, మీరిమ్ గుండెకీ ఇదే చెయ్యమను" అన్నాడు.