తుపాకీ తన్ను

బ్యాంకు గేటు దగ్గర పద్దెనిమిదేళ్లుగా తుపాకీ పట్టుకుని నిలబడుతున్న గార్డు దాన్ని ఏనాడూ పేల్చలేదు. తన మీసం చూసే దొంగలు వెనక్కి తిరిగిపోతున్నారని ఇంట్లో చెప్పుకునేవాడు.

ఇప్పుడు కొత్త తుపాకులొచ్చాయి. పాతవాటికంటే గొట్టం వెడల్పు, తూటా లావు. వాటితో ఐదు గుండ్లు కాల్చి చూపించాలట. గురి తప్పినా, తూలి పడినా ఉద్యోగం ఊడినట్టే.

గార్డుకి అన్నం సహించలేదు. "పక్క బ్రాంచి వాడికి భుజం జారిందట" అన్నాడు.

"భయమెందుకు నాన్నా, ఇదంతా లెక్కేగా" అంది కాలేజీలో ఫిజిక్సు చెప్పే కూతురు. "తూటా ఎంత ఊపుతో ముందుకెళ్తే తుపాకీ అంత ఊపుతో వెనక్కొస్తుంది. క్యాలిబర్, అంటే గొట్టం వెడల్పు, పెరిగితే తూటా బరువు పెరుగుతుంది, తన్నూ పెరుగుతుంది. తుపాకీ మడమ వదులుగా ఆనిస్తే తంతుంది. భుజానికి గట్టిగా అదిమావనుకో, నువ్వూ తుపాకీ కలిసి ఒకే బరువు. ఇంత బరువుని ఆ కాస్త తూటా ఏం కదిలిస్తుంది?"

"మొత్తానికి మీ నాన్న బరువు ఒక పనికొచ్చింది" అంది భార్య.

వారం రోజులు సాధన సాగింది. అతను భుజం బిగించి నిలబడితే భార్య చీపురు కర్రతో పొడిచేది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె ఇంత ఇష్టంగా చేసిన పని ఇంకోటి లేదని అతని అనుమానం.

పరీక్ష రోజు వచ్చింది. గార్డులందర్నీ మైదానంలో వరసగా నిలబెట్టి తలా ఐదు తూటాలు ఇచ్చారు. మనవాడు చెవుల్లో దూది కుక్కుకున్నాడు. తుపాకీ మడమ భుజానికి అదిమి, కూతురి పాఠం వల్లెవేస్తూ కళ్లు గట్టిగా మూసుకున్నాడు.

ఈల మోగింది. వరస మొత్తం దద్దరిల్లింది. బోల్టు లాగాడు, ట్రిగ్గర్ నొక్కాడు. మళ్లీ లాగాడు, మళ్లీ నొక్కాడు. అలా ఐదుసార్లు.

కళ్లు తెరిచేసరికి తను నిలబడే ఉన్నాడు. పక్కనున్న గార్డు మాత్రం ఐదో గుండుకి వెల్లకిలా పడి ఆకాశం చూస్తున్నాడు.

అధికారి గురి అట్టలు చూసొచ్చాడు. పక్కవాడి అట్ట మీద ఒక్క చిల్లు కూడా లేదు. మనవాడి అట్ట మీద సరిగ్గా ఐదున్నాయి.

"ఇరవై ఏళ్లుగా చూస్తున్నానయ్యా. కాల్చేటప్పుడు వెంట్రుకవాసి కూడా కదలనివాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను" అని అధికారి భుజం తట్టాడు. పక్కవాడికి వచ్చే వారం ఇంకో అవకాశం ఇస్తానన్నాడు.

గార్డు గాల్లో తేలుతూ ఇల్లు చేరాడు.

"తన్నిందా నాన్నా?"

"చీమ కుట్టినట్టయినా లేదమ్మా."

కూతురికి కళ్లు చెమర్చాయి. తన పాఠం ఇంత బాగా వంటబట్టిన విద్యార్థి ఇంతవరకు దొరకలేదు. రేపే క్లాసులో చెబుతానంది.

"ఆ పక్కవాడికి కూడా కాస్త నేర్పమ్మా, పాపం" అన్నాడు గార్డు, మీసం దువ్వుకుంటూ.

ఈలోగా యూనిఫాం నానబెట్టబోతూ భార్య అలవాటుగా ప్యాంటు జేబులు తిరగేసింది, ఐదు తూటాలూ టపటపా బకెట్లో పడ్డాయి.