తాళం తీసినావిడ

"మీ ప్రోగ్రాం విప్పి చదివానండీ. అందులో ఒక తప్పుంది," అంది ఆమె, బల్ల మీద నాలుగు కాగితాలు పెడుతూ.

యజమాని వాటిని ఒక్కొక్కటే తిరగేశాడు.

ఆసుపత్రుల్లో పసిపిల్లలకు చుక్కచుక్కగా మందు ఎక్కించే యంత్రాలు ఆయన కంపెనీ తయారుచేసేవే. మొదటి యంత్రాన్ని నడిపే ప్రోగ్రాంను పోటీ కంపెనీవాళ్ళెవరో దొంగిలించి సొంతం చేసుకున్నారు. అందుకే రెండోదానికి బావమరిది నాలుగు నెలలు కూర్చుని, ఎవరు విప్పినా తలాతోకా తెలియకుండా, తాళం వేసినట్టు చిక్కులు పెట్టాడు.

ఆ చిక్కులన్నీ ఇప్పుడు కాగితాల మీద విడిపోయి ఉన్నాయి.

"ఎవరు చేశారిది?"

"నేనేనండీ."

"ఏ కంపెనీ?"

"కంపెనీ ఏం లేదండీ. బట్టలు కుడతాను."

బావమరిది పక్కున నవ్వాడు. యజమానికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు.

"కుట్టుపనికీ దీనికీ ఏం సంబంధమమ్మా?"

"ఏం లేదండీ. పుస్తకాలు చూసి నేర్చుకున్నా." ఆమె మూడో కాగితం ముందుకు జరిపింది. "బిడ్డ బరువు కిలోకన్నా తక్కువుంటే, మీ ప్రోగ్రాం పూర్తి కిలోగానే లెక్కేస్తోంది. అరకిలో బిడ్డకి మందు రెండింతలు పోతుంది."

"ముందు తాళం ఎలా తీశావో చెప్పు!" బావమరిది గద్దించాడు.

"తాళం బాగానే ఉంది బాబూ. లోపల చూడండి."

"అసలు నీకేం కావాలి?" అన్నాడు యజమాని.

"ఈ ఒక్క వరస దిద్దితే చాలండీ."

ఆమె వెళ్ళిపోయింది. యజమాని తల గోక్కున్నాడు. ఉద్యోగం అడగలేదు, డబ్బూ అడగలేదు. మరి ఎందుకొచ్చినట్టు?

"బావా, ఇది ఆ పోటీవాళ్ళ పనే. ఈవిడని ముందుకి తోసి వాళ్ళు వెనకున్నారు."

"మరి తప్పు సంగతో?"

"మన దృష్టి మళ్ళించడానికి! ఇల్లు దోచుకున్నవాడు గోడకి బీటుందని చెప్తే నమ్ముతావా?"

అదీ నిజమే అనిపించింది. ఆమె మొహం గుర్తొస్తే కాదేమో అనిపించింది. చివరికి పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాడు. వాళ్ళు ఆమె ఇంట్లో కంప్యూటర్‌నీ, ఆసుపత్రి ముద్ర ఉన్న, తెర పగిలిన ఒక రెండో రకం యంత్రాన్నీ పట్టుకుపోయారు.

బావమరిది మూడు వారాలపాటు ఇంకా గట్టి తాళం బిగించాడు. కాగితాలు సొరుగులో ఉండిపోయాయి.

నాలుగో వారం ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

"మీ యంత్రం పసిగుడ్డుకి మందు ఎక్కువ పోసేసింది. నర్సు చూసి ఆపబట్టి గండం గడిచింది."

"బిడ్డ బరువెంత?" అడిగాడు యజమాని.

"ఏడు వందల గ్రాములు."

మూడో కాగితం బయటికి తీశారు. ఆ వరస దిద్దడానికి బావమరిదికి ఐదు నిమిషాలు పట్టింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

యజమాని ఫిర్యాదు వెనక్కి తీసుకుని, ఆమె ఇంటికి పరిగెత్తాడు. తాళం వేసి ఉంది. ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిందన్నారు పక్కింటివాళ్ళు.

అక్కణ్ణుంచి దిద్దిన ప్రోగ్రాంతో ఆసుపత్రికి వెళ్ళాడు.

"బట్టలు కుట్టే ఆవిడ దగ్గర మీ ముద్ర ఉన్న యంత్రం దొరికింది. ఎవరిచ్చారు?" అని పెద్ద నర్సును అడిగాడు.

"నేనేనండీ. తీసేసిన సామాన్లలో ఉంటే, అడిగి పట్టుకెళ్ళింది."

"ఆవిడకెందుకది?"

నర్సు ఆయన్ని పక్కకి తీసుకెళ్ళింది.

"అప్పట్లో దాంతో మందెక్కుతుండగానే ఒక పాప పోయింది. పుట్టుకతోనే బలహీనమని మేమంతా సర్దిచెప్పాం. తల్లి కదండీ, ఆవిడొక్కతే నమ్మలేదు."