నాలుగో చెవి నొప్పి

“మేడం అడిగితే చెవి నొప్పి అని చెప్పు,” అంది మేరమ్మ, మనవరాలి చెయ్యి గట్టిగా పట్టుకుని. ఏడేళ్ల ఫేబే జ్వరం కళ్లతో మామ్మను చూసి, సరేనన్నట్టు తలూపింది.

డాలీగంజ్‌లో ఆ చిన్న క్లినిక్ వసారా నిండా దగ్గే పిల్లలే. నెల కిందట ఇలాంటి దగ్గుకే డాక్టర్ కళ్యాణి అడక్కుండానే యాంటీబయాటిక్ సిరప్ రాసిచ్చింది. చుట్టుపక్కల ఫ్లూ పాకిందని తేలినప్పటి నుంచి మాత్రం ఆ మందు పేరెత్తనివ్వడం లేదు. ఫ్లూకు అది పనిచెయ్యదట. జ్వరం మందు, నీళ్లు, విశ్రాంతి, అంతే. ఇందాక చేపలమ్మే సీతాలు కొడుకు కోసం గొడవపడి కూడా జ్వరం మందుతోనే బయటికొచ్చింది. పొద్దుటి నుంచి ఆ సిరప్ దక్కింది చెవిలో చీము కారుతున్న ఒక్క పిల్లాడికే. అది లేకుండా ఇంటికి వెళితే ఈ పిల్ల తనకు దక్కదేమోనని మేరమ్మ భయం.

లోపల డాక్టర్ ఫేబే గుండె, వీపు చూసింది. ఊపిరితిత్తులు బాగున్నాయనీ, ఇదీ ఫ్లూయేననీ చెప్పి చీటీ అందుకుంది. మేరమ్మ పిల్ల వీపు మీద వేలితో పొడిచింది.

“చెవి నొప్పి,” అంది ఫేబే.

డాక్టర్ పెన్ను కింద పెట్టింది. “పొద్దుటి నుంచి ఇది నాలుగో చెవి నొప్పి, మామ్మగారూ. బయట ఎవరు నేర్పుతున్నారో గానీ.”

“ఝూట్ చెప్పే వయసా మేడం నాది?” అంది మేరమ్మ, నేల చూపులు చూస్తూ.

ఎన్ని రోజులని అడిగితే నాలుగు రోజులంది ఫేబే. ఏ చెవి అంటే ఎడమ చెవి అంది. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. మేరమ్మ బిత్తరపోయి పిల్ల వంక చూసింది. తను నేర్పింది రెండు మాటలే. మిగతాదంతా పిల్ల ఎంత చక్కగా అల్లేస్తోంది!

డాక్టర్ చెవిలోకి లైటు వేసి చాలాసేపు చూసింది. మేరమ్మ చీవాట్లకు సిద్ధపడి నిలబడింది.

“లోపల పొర ఎర్రగా ఉబ్బింది. చీము పట్టింది,” అంటూ డాక్టర్ ఆ సిరప్పే రాసింది. రాస్తూ గుమ్మంలో ఉన్న తల్లులకు వినపడేలా, పిల్లల్ని కనిపెట్టుకోవడం ఈ మామ్మను చూసి నేర్చుకోమంది. సీతాలు పక్కకు తప్పుకుని దారిచ్చింది.

“లోపలి నొప్పి నీకెలాగ తెలిసిపోనాదే అమ్మా?” అంది సీతాలు.

మేరమ్మ చీటీ మడిచి కొంగున ముడేసుకుని గబగబా రోడ్డు మీదికి వచ్చేసింది. ఆటో కోసం నిలబడ్డప్పుడు పిల్ల ముందు వంగి, నిజంగా అంత నొప్పి ఉంటే తనతో ముందే చెప్పొద్దా అని అడిగింది.

“ఆదివారమే చెప్పాను కదా మామ్మా,” అంది ఫేబే. “చర్చి ఎగ్గొట్టడానికి అబద్ధాలాడితే పాపం అన్నావు.”