పాత రేకు

ఇటు జరుగు బిడ్డా, ఇంకింత దగ్గరికి రా. గట్టిగ చెప్పే ముచ్చట కాదిది.

ఆ ఆదివారం పొద్దున కాల్హేర్ గోదాముల రోడ్డు మీద బండ్లు వరుసకట్టినయి. లోడింగ్ లేని రోజు గదా, రోడ్డంత ఖాళీ. రెండేసి కార్లు ఒక్కసారి ఉరకాలె. ఆ కొనకు ముందు చేరినోడు గెలిచినట్టు. గంతే పందెం.

పద్మనగర్ లక్ష్మీనారాయణ సేటు కొడుకు ఆశిష్ తన తెల్ల మారుతి పక్కన నిలబడి గోళ్లు కొరుకుతున్నడు. అతనికి ఇది ఆఖరి మోక.

"ఈసారి గెలిస్తే నీ బండ్ల పిచ్చికి అడ్డురాను. ఓడినవో, పందెంలకే రానియ్యలేదో, తెల్లారి నుంచి కార్ఖానల కూసోవాలె," అని బాపు తేల్చి చెప్పిండు. బట్ట నేసే ఆ కరెంటు సాంచెల చప్పుడు వింటేనే ఆశిష్‌కు తల పగిలేది.

కానీ ఉరకకముందు ఆగయ్య చేతుల నుంచి బయటపడాలె.

ఆగయ్య ఎవరంటవా? సాంచెలు బాగుచేసే జాబర్. బండ్ల ఊసు ఎన్నడెరుగనోడు. ముందటేడు దసరా పోయినంక తనంతట తానే వచ్చి, "బండ్లు పరీక్ష చేసే పని నాకియ్యుండ్రి, ఊకెనే చేస్త," అన్నడు. చూస్తుండంగనే ఇంజిన్లు, బాడీలు అన్నీ నేర్చుకున్నడు. భుజం మీద ఊదా, పసుపు చారల తువ్వాల. తన సాంచె మీద తానే నేసింది. చిరుగులు పడ్డా మార్చడు. నవ్వడు. పందెం దిక్కు చూడనన్నా చూడడు. బండ్లనే చూస్తడు.

చిన్న బండ్ల క్లాసు రూల్సు అందరికీ తెలిసినవే. ఇంజిన్ కంపెనీ ఇచ్చినట్టే ఉండాలె. వేరే బండి కార్బురేటర్ పెట్టొద్దు. తలుపులు, అద్దాలు, సీట్లు ఏదీ తియ్యొద్దు. బరువు తగ్గుతదని ఇనుప రేకు విప్పి ఫైబర్ బిగిస్తే బయటికే. ఆగయ్య వచ్చినంక ఇంకొకటి కలిసింది. ఏ రేకన్న మార్చి ఉంటే, పాత రేకు తెచ్చి చూపాలె.

"పెండ్లికొడుకును పాత చెప్పులు గూడ తెమ్మన్నట్టుంది," అని పోరగాండ్లు నవ్వేటోళ్లు.

"పాతది చూస్తేనే కొత్తది ఎంత తేలికో తెలుస్తది," అనేటోడు ఆగయ్య. ఆయన మొఖం చూసి నవ్వు ఆగిపోయేది.

కిందటేడు ఆ రూలే ఆశిష్‌ను బయటికి పంపింది. ముందటి ఎడమ మడ్గార్డ్ మార్చిండు, పాతది తేలేదు. అందుకే ఈసారి, దోస్తు పంకజ్ గ్యారేజీల నీళ్ల డ్రమ్ముకు మూతగ పడున్న ఆ సొట్ట రేకును వెతికి డిక్కీల వేసుకొచ్చిండు.

అతని భయం రేకు గురించి కాదు. బానెట్ కింద పెద్ద కారు కార్బురేటర్ దాచిండు. పైన మాత్రం కంపెనీ మూత.

"ఫికర్ చెయ్యకు యార్," అన్నడు పంకజ్ మెల్లగ. "మూత కింద ఏమున్నదో ముసలోనికి ఎట్ల తెలుస్తది?"

"ముసలోడు కాదురా వాడు, ఎక్స్‌రే మిషిన్."

ఆగయ్య వచ్చిండు. బానెట్ ఎత్తమన్నడు. మూత మీద చెయ్యి పెట్టిండు.

ఆగయ్య చెయ్యి తీసేసిండు. మూత ఎత్తలేదు.

"ఈ మడ్గార్డ్ ఎప్పుడు మార్చినవు బిడ్డా?"

"ముందటేడు వానకాలం కాకా. టెంఘర్ కాడ బర్రె అడ్డమొచ్చింది." ఎన్నిసార్లు చెప్పిండో ఏమో, ఆ మాట నీళ్లలెక్క వచ్చింది.

"పాతది?"

ఆశిష్ ఉషారుగ తీసిచ్చిండు. "చూడు కాకా, అసలు ఇనుము. రెండూ ఒక్కటే బరువు."

ఆగయ్య తూకం వెయ్యలేదు. రేకును ఎండకు తిప్పి పట్టుకున్నడు. సాంచె మీద తెగిన పోగు వెతికినట్టు, సొట్ట మడత పొడుగూత వేళ్లు నడిపిండు. ఒక్కకాడ ఆగిండు. గోటితో గుంజితే మట్టి పట్టిన దారాలు వచ్చినయి. ఉమ్మి తడిపి నలిపిండు. ఒకటి ఊదా. ఒకటి పసుపు.

చుట్టూ ఇంజిన్లు గుర్రుమంటున్నయి. ఆగయ్య మాత్రం కదలడు, మెదలడు.

"ఏమన్న తప్పున్నదా కాకా?"

"బండికి ఏ తప్పూ లేదు." దారాలను జేబుల పెట్టుకున్నడు. "పాస్. పో, ఉరికించు. పందెం అయినంక బండి ఆడనే ఆపు, ఎటూ తీస్కపోకు."

"గెలిచినోడు ఎటు పోతడు కాకా!" ఎగిరి గంతేసిండు ఆశిష్. రేకు తిరిగి అడగాలని గూడ యాదికి రాలేదు.

అతని వంతు వచ్చేసరికి ఎండ ముదిరింది. జెండా ఊగింది. అవతలి కారు దుమ్ముల గూడ కనబడలేదు. కార్ఖాన గండం తప్పిందని ఆశిష్ కిటికీల నుంచి చెయ్యి బయటపెట్టి ఊపిండు.

ఊపిన చెయ్యి గట్లనే ఆగింది.

ఆ కొనకు కప్పు పట్టుకున్నోళ్లు ఎవరూ లేరు. పోలీసు జీపు అడ్డంగ ఉంది. దాని పక్కన ఆగయ్య, ఆ సొట్ట రేకును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎదకు ఆనించుకొని నిలబడ్డడు.

యాదుంచుకో బిడ్డా, నువ్వు గూడ పదిమందికి చెప్పు, కానీ ఈ మాట ఆఖరుకే చెప్పు: పాత రేకు తేవాలన్న రూలు ఏ పందెంలనూ లేదు, తన తువ్వాల తీసిన బట్ట తానులకెళ్లే చింపిచ్చిన ఓణీ కట్టుకున్న తన బిడ్డ ప్రాజక్తను టెంఘర్ కాడ ఆ వానల గుద్ది ఆగకుండ పోయినోని కోసం ఆగయ్య పెట్టిన రూలది.