అరవై రెండు కేజీలు

భార్య మాట్లాడుతుంటే ఆమె భుజం మీదుగా భర్త కోసం వెతికే చూపు ఒకటుంటుంది. సముద్రపు ఒడ్డున, నిలబడి గాలివాటున అలల మీద నడిపే తెరచాప బోర్డులు అద్దెకిచ్చే షెడ్డులోనూ అదే చూపు.

“సార్‌ని రమ్మనండి మేడమ్. మీ ఊళ్ళో ఏ సైజు వాడతారు?” అన్నాడు షెడ్డు యజమాని.

“అక్కడి చెరువు మీద గాలి తక్కువ, పెద్ద తెరచాపే కావాలి. ఇక్కడ చూడండి, అలలన్నీ తెల్లగా నురగలు కక్కుతున్నాయి. చిన్నదివ్వండి.”

అతను నవ్వి పెద్దదాన్నే దించాడు. “చిన్నది ఆడవాళ్ళకండీ. మగాడు పట్టుకుంటే నలుగురూ నవ్వరూ?”

“గాలికి ఆడా మగా తేడా తెలుసా? ఈ గాలిలో ఆ పెద్దది మనిషిని ఎత్తి నీళ్ళలో కుదేస్తుంది. మేం ఇక్కడుండేది ఈ ఒక్కరోజే. మీ మీసం కోసం దాన్ని పాడుచేసుకోమంటారా?”

ఆమె కౌంటర్ ముందునుంచి కదల్లేదు. చివరికి అతనే విసుగ్గా, “సరే, బరువెంత?” అన్నాడు.

“అరవై రెండు కేజీలు.”

చిన్న తెరచాప బిగించి, బోర్డును ఇసుకలోకి ఈడ్చాడు. “ఇప్పుడన్నా పిలవండి దొరగారిని.”

“ఆయనెందుకు? గొడుగు కింద నా సంచీకీ చెప్పులకీ కాపలా ఉన్నారు. ఈత కూడా రాదు పాపం.” ఆమె లైఫ్ జాకెట్ బిగించుకుంది. “ఆ బరువు నాదే.”

అతను తెల్లబోయాడు. “మీకేనని ముందే చెబితే మారుమాట లేకుండా చిన్నదే ఇచ్చేవాణ్ణి కదండీ!”

“ఆడదాన్నని ఇచ్చేవారు. గాలిని చూసి ఇవ్వాలి,” అంటూ ఆమె బోర్డును నీళ్ళలోకి తోసింది.